మన కారు కొలతలు

ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

"ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని తలుస్తాను" అని మొదలుపెట్టి, ఆ కాగితం నలిపి పడేశాను. ఇది రెండోది. "మేమంతా" అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో మనం మాట్లాడుకునేది ఏముంది? తిన్నావా, తిన్నాను, అక్కడ వాన పడిందా, సరే ఉంటాను. రెండేళ్లుగా ఈ నాలుగు ముక్కలే తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాం. రోజంతా ప్రెస్సులో కూర్చుని ఊళ్లోవాళ్ల రాతల్లో తప్పులు దిద్దేవాణ్ణి. నా తప్పు నేను దిద్దుకోవాలన్నా కాగితమే కావాల్సి వచ్చింది.

ముందు జరిగింది చెప్తాను. నువ్వు కుట్టిన చొక్కాలు ఒక్కొక్కటే పాతబడిపోయాయి. ఆఖరుగా మిగిలిన నీలం గళ్ల చొక్కా మొన్న మోచేతి దగ్గర చిరిగింది. నీ గదిలో బీరువా మీద నా చొక్కా కొలతల కాగితం ఉండాలని గుర్తొచ్చింది. ఆ గోధుమరంగు కాగితాన్ని మడత కూడా విప్పకుండా పట్టుకెళ్లి ప్రెస్సు పక్కనున్న టైలరుకిచ్చాను. సాయంత్రం వెళ్తే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఏమండీ, చొక్కాకి డిక్కీ ఏమిటండీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన కాగితం తిరగేసి చూపించాడు. వెనక అంతా నీ గుండ్రటి అక్షరాలు, పెన్సిలుతో. పైన "మన కారు" అని రాసి కింద గీత గీశావు. సీటు ఎత్తు నేల నుంచి ఇరవై మూడు అంగుళాలు, మోకాలు మూలగదు. వెనక తలుపు తెరిస్తే కాలు తిప్పుకోవడానికి ముప్పై. డిక్కీలో మిషను బల్లతో సహా పట్టాలి. కారు పొట్ట కింద ఖాళీ ఏడున్నర, వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరు ఆరు. "ఎవరో గానీ పనితెలిసిన మనిషండీ" అన్నాడు టైలరు. మా అక్క అని చెప్పకుండానే కాగితం తీసుకుని వచ్చేశాను.

ఈ ఊరి చివరి కాలనీకి వచ్చాక కారు ఎందుకు కావాల్సి వచ్చిందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బస్సు దిగాక ఇంటికి రెండు కిలోమీటర్లు నడవాలి. నీ మరదలికి ఆసుపత్రి ల్యాబులో పొద్దున్న ఆరింటికి డ్యూటీ. నీకు బట్టలిచ్చే వాళ్లంతా పాత వీధిలోనే ఉండిపోయారు. "ఇల్లు పెద్దదైంది గానీ ఊరు దూరమైంది" అని వచ్చిన వారానికే అన్నావు. బావ పోయాక మిషనుతో సహా మా ఇంటికి వచ్చి, చూశావా, మళ్లీ మా, మన ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లు. అన్నేళ్లలో నీకు ఇది కావాలి అని నువ్వు అడిగింది ఒక్కటే. "ఎక్కి దిగేటప్పుడు మోకాలు ఏడవకుండా చూడరా, రంగు ఏదైనా ఫర్వాలేదు."

కారు కోసం రెండు నెలలు ఆదివారాలన్నీ షోరూముల చుట్టూ తిరిగాం. కారు కొనేవాళ్లు మైలేజీ అడుగుతారు, బానెట్ ఎత్తించి ఏమీ అర్థం కాకపోయినా తలూపుతారు, నాలాగా. నువ్వు మెడలో టేపు వేసుకుని వచ్చేదానివి. సీటు ఎత్తు కొలిచి, ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, "దీనికి మూలిగింది" అనో, "ఇది ఊరుకుంది" అనో తీర్పు చెప్పేదానివి. ఒకచోట సేల్స్‌మన్ "అమ్మా, ఇది కారండీ, కోటు కాదు" అంటే, "రెండూ తొడుక్కునేవే బాబూ, ఒంటికి పట్టకపోతే రెండూ దండగే" అన్నావు. అప్పట్నించి అక్కడ నీ పేరు ఇన్‌స్పెక్టరమ్మ. ఓ రోజు వీధి మొదట్లో రోడ్డు మీద కూలబడి స్పీడ్ బ్రేకరు కొలుస్తుంటే, నువ్వేదో పారేసుకున్నావనుకుని కాలనీ వాచ్‌మన్ కూడా వచ్చి వెతికాడట. నీ మరదలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. నేను మాత్రం అప్పుడు నవ్వలేదు. నాకు సిగ్గేసింది. నీ టేపంటే నాకు సిగ్గేసేది అక్కా, ఇవాళ ఆ మాట రాస్తుంటే అంతకంటే సిగ్గుగా ఉంది.

ఆ గురువారం నువ్వు స్కూలు యూనిఫారాల హడావిడిలో ఉన్నావు. ఊరికే చూసొస్తామని నేనూ నీ మరదలూ వెళ్లాం. ఆ ముదురెరుపు కారు దీపాల కింద నిగనిగలాడుతూ ఉంది. నేలకి కరుచుకున్నట్టు ఉంది, తలుపులు రెండే, వెనక సీటు పేరుకి మాత్రం. లోపల కూర్చుంటే సగం పడుకున్నట్టే. నలభై ఆరేళ్ల ప్రూఫ్ రీడర్ని, ఆ కారు అద్దంలో నాకు నేనే ఎవరో గొప్పవాడిలా కనిపించాను. సేల్స్‌మన్ ఫారం తీసి, "ఇంట్లో ఎంతమంది సార్?" అన్నాడు.

నేను "ఇద్దరం" అన్నాను.

ఈ సంగతి నీకు తెలియదు. నాకూ నీ మరదలికీ తప్ప ఎవరికీ తెలియదు. తను నా వైపు చూసి, మళ్లీ కారు వైపు చూసింది. "అయితే ఇది మీకోసమే చేసినట్టుంది సార్" అని అతను రాసుకున్నాడు. ముగ్గురం అంటే ఆ కారు వద్దంటాడని భయం. ఒక కారు కోసం ఒక మనిషిని ఇంట్లోంచి తీసేశాను. మొన్న ఆ కాగితం చూపిస్తే నీ మరదలు రెండువైపులా చదివింది. "ఆ రోజు నేనైనా 'ముగ్గురం' అనాల్సిందండీ. నాకూ ఆ రంగు నచ్చింది, ఊరుకున్నాను" అంది.

కారు ఇంటికి తెచ్చిన రోజు సంగతి నీకు తెలుసు. పొద్దుట్నించి ప్రెస్సులో అందరికీ మా కారు వస్తోంది, మా కారు వస్తోంది అని చెప్తూనే ఉన్నాను. బయటివాళ్లతో అలాగే అంటాం. ఆ మాట నోట్లో అలాగే ఉండిపోయింది. గేటు దగ్గర ఆపి హారన్ కొట్టి, "అక్కా, రా, మా కారు చూద్దువుగాని" అన్నాను. ప్రెస్సులో 'మన' ఉండాల్సిన చోట 'మా' పడితే ఎర్రసిరాతో కొట్టేస్తాను. ఒక 'న' ఎగిరిపోయి ఒక దీర్ఘం వచ్చి కూర్చుంటుంది, అంతే తేడా. ఆ రోజు నా చెవికి ఆనలేదు. నువ్వు చేతిలో కత్తెరతోనే వచ్చి చుట్టూ తిరిగి, "రంగు బాగుందిరా" అన్నావు. టేపు మెడలోనే ఉంది, తీయలేదు. ముందు సీటు వంచి నిన్ను వెనక్కి ఎక్కించాను. దిగేటప్పుడు నువ్వు పెదవి బిగబట్టావు. మూలిగిందా అని నేను అడగలేదు.

పదిహేను రోజుల తర్వాత మంగళవారం ప్రెస్సు నుంచి వచ్చేసరికి నీ గది ఖాళీ. సామాన్ల ట్రాలీ పిలిపించుకుని మిషనుతో సహా వెళ్లిపోయావు. బల్ల మీద చీటీ. "పాత వీధిలో గుండీల కొట్టు వెనక గది దొరికింది. బేరాలన్నీ అక్కడే కదా. గ్యాసు కట్టేశాను. కూర మీద మూత పెట్టాను." నాకు కోపం వచ్చింది. మాట మాత్రమైనా చెప్పకుండా వెళ్తుందా అని మూతి ముడుచుకున్నాను. కొట్టు మూశాక నిన్ను చూడ్డానికి వచ్చిన రెండుసార్లూ గడప దగ్గర నిలబడే వెళ్లిపోయాను. ఇన్నాళ్లూ బేరాల కోసమే వెళ్లావనుకున్నాను. నీ 'మన' చూశాకే నా 'మా' గుర్తొచ్చింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎవరన్నారో గానీ, ఆ కాగితం పట్టుకుని టైలరు బల్ల ముందు నిలబడినప్పుడు అది నాకోసమే అన్నట్టుంది.

కారు సంగతి చెప్తే నవ్వుకుంటావు. పైన పటారం, లోన లొటారం. వీధి మొదట్లో స్పీడ్ బ్రేకరుకి దాని పొట్ట రోజూ రాసుకుంటుంది. "గర్రుమంటే మీ ఆయన వచ్చినట్టే, టీ పెట్టేసుకో" అంటుంది పక్కింటావిడ నీ మరదలితో. మొదటి వానకే కాలనీ గుంటలో ఆగిపోతే ట్రాక్టరుతో లాగించాం. నాలుగు కూరల సంచులు పెడితే డిక్కీ మూత పడదు. ఇంటికి ఎవరైనా వస్తే ఒకళ్లం బస్సులో రావాలి. నువ్వు కొలిచిన ప్రతి అంగుళం ఈ రెండేళ్లలో నాకు అనుభవానికి వచ్చింది.

ఆ కారు అమ్మేస్తున్నాను. ఇంకోటి చూడాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా అడుగుతున్నాను. టేపు తీసుకుని రా అక్కా. నీ గది అలాగే ఉంచాం. కారు చూడ్డానికి మాత్రమే కాదు, ఉండిపోవడానికి రా.

ఇట్లు
నీ తమ్ముడు


శుక్రవారం

అక్కా,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి బదులు లేదు. ఉత్తరం అందలేదేమో అనుకోవడం నాకు తేలిక, కాబట్టి కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

నిన్న ఆ ఎర్రకారు కొన్నవాళ్లకి అప్పగించేసి, అట్నించి నడిచి నీ వీధికి వచ్చాను. గుండీల కొట్లో ఆవిడ ఒక్కతే ఉంది. తెర వెనక నీ మిషను చప్పుడు వినిపించింది. ఇదివరకటి చప్పుడు కాదు, ఏదో గుయ్యిమంటోంది. ఆవిడ నన్ను చూసి "ఏం కావాలండీ, ఏ సైజు గుండీలు?" అంది. నీ తమ్ముణ్ణని చెప్పాను. ఆవిడ గుండీల డబ్బా మూత పెట్టి, "తమ్ముడా? మరి మోకాలి ఆపరేషన్‌కి దగ్గరివాళ్ల సంతకం నాతో పెట్టించారే?" అంది. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలియక అడిగింది.

ఐదు నెలలైందట. మేం వారం వారం ఫోన్లో వాన పడిందా అని అడుగుతున్న రోజుల్లోనే నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. నీ మరదలు పనిచేసే ఆసుపత్రికి కావాలనే వెళ్లలేదు కదూ. నాకు తెర తీసి లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. నాలుగు తెల్ల గుండీలు కొనుక్కుని వెనక్కి వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లి చెప్తే నీ మరదలు అన్నం ముందు నుంచి లేచిపోయింది.

నువ్వు తిట్టినా సరే, ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


మంగళవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది చదివి కత్తెర కింద పెట్టాను. ఏం రాయాలో తేలక రోజూ తీయడం, మళ్లీ పెట్టడం. రెండోది వచ్చాక ఇంక ఊరుకోవడం బాగోదనిపించింది. ముందు ఒక మాట. గుండీల కొట్టు దాకా వచ్చి నువ్వు గుండీలు కొనుక్కుని పోవడం తెర సందులోంచి చూశాను. ఆ గుయ్యిమనే చప్పుడు మోటారుది. ఆపరేషన్ అయ్యాక తొక్కొద్దన్నారని మిషనుకి మోటారు పెట్టించాను. ఇప్పుడు నా కాలు ఊరికే కూర్చుంటుంది, మిషనే నన్ను తోలుతుంది.

ఇక అసలు సంగతి. ఊరందరి తప్పులూ దిద్దేవాడివి, నా కాగితం ఇంత తప్పుగా చదివావేమిట్రా? నువ్వు 'మా' అన్నావని నేను వెళ్లలేదు. వెళ్లాలని ఆ కాలనీకి వచ్చిన రెండో నెల్లోనే అనుకున్నాను. అక్కడ నాకు బట్టలిచ్చేవాళ్లెవరు? పొద్దున్న మీరిద్దరూ వెళ్లిపోతే సాయంత్రం దాకా నాకు మాట్లాడేందుకు నా మిషనే. చేతిలో పని ఉన్నదాన్ని, నీ ఇంట్లో కిటికీకి తెరలు కుట్టుకుంటూ ఎన్నాళ్లు కూర్చోను? ఈ గది అప్పుడే చెప్పిపెట్టుకున్నాను.

డిక్కీలో మిషను పట్టాలని ఎందుకు కొలిచాననుకున్నావు? ఇంట్లో మూల కూర్చునే మిషనుకి కారుతో ఏం పనిరా? నేను వెళ్లే రోజు నువ్వే నన్నూ మిషనునీ ఆ కారులో ఎక్కించుకుని తీసుకొచ్చి ఈ వీధిలో దింపుతావని. తమ్ముడు దగ్గరుండి దింపి వెళ్లాడని నలుగురూ చూస్తారని. ఆదివారం ఆదివారం వచ్చి ఇంటికి తీసుకెళ్తావని, మోకాలు మూలగకుండా ఎక్కి, సాయంత్రం మళ్లీ దిగుతానని. రెండిళ్ల మధ్య తిరిగే కారు కాబట్టి 'మన కారు' అని రాసుకున్నాను. కారు కొన్న రోజే ఈ మాట చెప్దామని దాచిపెట్టుకున్నాను.

అప్పుడు నువ్వు గేటు దగ్గర హారన్ కొట్టావు.

నేను వెళ్లడానికి నీ మాట కారణం కాదు. చెప్పకుండా వెళ్లడానికి మాత్రం అదే కారణం. "మన కారు అనరా వెధవా" అని నెత్తిన ఒక మొట్టికాయ వేస్తే సరిపోయేది, చిన్నప్పుడు ఎన్ని వేయలేదు. ఆ రోజు చెయ్యి లేవలేదు. కుట్టుపని చేసేదాన్ని కదా, నోరు కుట్టేసుకున్నాను. ట్రాలీలో సామాను కడుతూ ఆ అబ్బాయి, "కారు షెడ్డు కొత్తగా వేసినట్టున్నారే, కారు లేదా అమ్మా?" అన్నాడు. "ఉంది, వాళ్లది" అన్నాను. దారి పొడుగునా ఆ మాటే తలుచుకుని ఏడ్చాను. నువ్వు నోరు జారావు. నేను ఆలోచించుకునే అన్నాను.

ఆసుపత్రిలోనూ అంతే. ఫారం నింపుతూ నర్సమ్మ, "ఇంట్లో ఎంతమందమ్మా?" అని అడిగింది. "నేనొక్కదాన్నే" అన్నాను. నువ్వు ముగ్గుర్ని ఇద్దరు చేశావు, నేను ముగ్గుర్ని ఒక్కరు చేశాను. ఇద్దరిలో ఎక్కువ కోసేసింది ఎవరో నువ్వే చూసుకో. మత్తు ఇచ్చేముందు మాత్రం చాలా భయమేసింది. నిన్ను పిలవమని అందామనుకున్నాను, అప్పటికే గుండీల కొట్టావిడ సంతకం పెట్టేసింది. ఆ సంతకం నీతో పెట్టించుకోలేదన్న బాధ నాకు పోదు. నీకూ పోకూడదు, పోతే నేను ఒప్పుకోను.

గది అలాగే ఉంచామన్నావు. అక్కర్లేదు, నీ మరదలికి అందులో ఒక బల్లా కుర్చీ వేయించు, ల్యాబు పరీక్ష ఏదో రాస్తానంటూ ఉండేది. నేను ఉండిపోవడానికి రాను. కోపంతో అయితే తగ్గాక వచ్చేదాన్ని. రెండేళ్లలో నాకు ఇక్కడ అలవాటైపోయింది, అదే వచ్చిన చిక్కు. అప్పుడే వచ్చి అడిగి ఉంటే ఏమనేదాన్నో తెలియదు.

అన్నట్టు, ఆ పాత కాగితం పట్టుకుని షోరూముకి వెళ్లకు. కొలతలు మారాయి. కొత్త మోకాలు మూలగదు గానీ బాగా వంగదు, ఇరవై మూడు అంగుళాలు చాలవు. దాంతో చొక్కా కూడా కుట్టించకు. అది నీ పొట్ట రాకముందుది. ఆ కొన్న నాలుగు గుండీలూ చొక్కాకి చాలవు, ఇంకో మూడు కావాలి. గుడ్డ తీసుకురా.

ఆదివారం పదింటికి గుండీల కొట్టు దగ్గరికి రండి, ఇద్దరూ. బస్సులోనే రండి, కారు చూడ్డానికి కారు ఎందుకు. టేపు నేను తెస్తాను. నన్ను చూసి మళ్లీ సిగ్గుపడేటట్టయితే షోరూము బయట నిలబడు, నేనూ నా మరదలూ లోపలికి వెళ్తాం.

కొత్త కొలతలు ఈ కాగితం వెనక రాశాను. రాశాక చూసుకుంటే పైన 'మీ కారు' అని ఉంది. రెండేళ్ల అలవాటు, చెయ్యి అలా పోయింది. కొట్టేద్దామనుకుని మళ్లీ ఊరుకున్నాను. ఎర్రసిరా ఎప్పుడూ నీ జేబులోనే ఉంటుంది కదా. తప్పనిపిస్తే దిద్దుకుని తీసుకురా.

నీ అక్క